బండి యెత్తు ఎవరి సొత్తు?

తగ్గియుండుట మంచి గుణమని పెద్దలు చెప్పుదురు. మన పాఠశాలలో ప్రార్థనవేళ తరచుగ వినునదియు ఆ మాటయే. అయితే ఈ దినములలో మన ప్రాంతపు సడకమీద మరియొక విధమైన తగ్గుట కానవచ్చుచున్నది. కలిగిన యింటి యువకులు కొందరు స్పోర్ట్సు కార్లను కొని, వానితో వచ్చిన స్ప్రింగులను ఊడదీయించి, బజారులో వేరుగ దొరకు పొట్టి స్ప్రింగులను వేయించి, బండి దేహమును ఒకటి రెండు అంగుళములు నేలకు దించుచున్నారు. పిదప పెద్ద రిమ్ములును, వానిపై పలుచని టైర్లును తొడిగించుచున్నారు. ఇది వినయమువలన గలిగిన తగ్గుదల కాదని వేరుగ చెప్పనక్కర లేదు.

ఈ సంగతితో పాఠశాల పత్రిక కేమి పని యని కొందరడుగవచ్చును. అట్టి బండి యొకటి గేటు ముందుగ పోయిన దినమున మన బాలురు తరగతి గది కిటికీలకు వ్రేలాడుట నేనెరుగుదును. వారిలో కొందరు రేపు మెకానికులగుదురు, కొందరు ఇంజనీర్లగుదురు, కొందరు అట్టి బండ్లకు యజమానులే కాగలరు. కాబట్టి ఈ వేడుకలోని మంచిచెడ్డలను ఇప్పుడే తూచి చూచుట యుక్తమని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట కన్నులార చూచిన దొకటి చెప్పెదను. ఒక ఆదివారమునాడు ఉదయమున మొయినాబాదు దాటి చేవెళ్ల వైపు పోవుచుంటిని. ఒక పల్లె ముందర సడకకు అడ్డముగ స్పీడు బ్రేకరు గలదు. నా ముందు పోవుచున్న ఎర్రని స్పోర్ట్సు కారు దానిని సమీపించి నిలిచిపోయెను. తిన్నగ ఎక్కినచో దాని కడుపు గీసికొనునట, అందుచేత నడుపువాడు బండిని ఏటవాలుగ త్రిప్పి, ఒక్కొక్క చక్రమును వేరువేరుగ ఎక్కించుచు దింపుచు, సడక రెండు పక్కలను ఆక్రమించుకొనెను. వెనుక టమాటా బుట్టలతో నిండిన ఆటో ఒకటి గట్టిగ బ్రేకు వేసి ఆగెను. ఎదుటినుండి భార్యను బిడ్డను ఎక్కించుకొని వచ్చుచున్న మోటారు సైకిలువాడు దారిలేక ప్రక్క మట్టిలోనికి దిగి, తూలి, ఎట్లో నిలదొక్కుకొనెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. కారువాడు వెనుదిరిగి చూడనైన చూడక పోయెను. పిల్లికి చెలగాటము ఎలుకకు ప్రాణసంకటము అను సామెత నా కప్పుడు తోచినది.

ఆ దినమునుండి నన్ను వేధించుచున్న ప్రశ్న యొక్కటే. బండికిని నేలకును నడుమ నుండవలసిన ఆ జానెడు ఖాళీ ఎవరి సొత్తు? బండి కొన్నవాని సొత్తే యని సామాన్యముగ అందరు అనుకొందురు. అది అతనిది మాత్రమే కాదనియు, సడకమీద నడచు వారందరితో ఆ బండి చేసికొన్న ఒడంబడిక యనియు నా అభిప్రాయము. దాని నిరూపించుటకు ముందు ప్రతివాదుల పక్షమును న్యాయముగ వినవలయును.

బండిని దించువారు మూఢులు కారు. వారి మాటలో శాస్త్రము కొంత కలదు. కారు మలుపు తిరుగునపుడు లోపలి చక్రములమీది బరువు కొంత వెలుపలి చక్రములమీదికి మారును. గురుత్వకేంద్రము ఎంత క్రిందనున్న అంత తక్కువ బరువు మారును, నాలుగు టైర్లును నేలను సమానముగ పట్టుకొనును. ఇది సత్యమే. అయితే ఆ లాభమెంత? లెక్క వేయుదము. కారు బరువు 1500 కిలోలు, గురుత్వకేంద్రము నేలకు 50 సెంటీమీటర్ల ఎత్తున, ఎడమ కుడి చక్రముల నడిమి దూరము 150 సెంటీమీటర్లు అనుకొనుడు. మలుపులో ప్రక్కకు లాగు బలము బండి బరువులో పదింట ఎనిమిది పాళ్లైనచో, మారు బరువు 400 కిలోలు. బండిని 3 సెంటీమీటర్లు దించినచో అది 376 కిలోలగును. లాభము 24 కిలోలు, అనగా నూటికి ఆరు పాళ్లు. పందెపు మైదానమున ఈ ఆరు పాళ్లు గెలుపోటములను నిర్ణయింపవచ్చును. కాని అంతటి వేగముతో మలుపు తిరుగు అవసరము కూరగాయల ఆటోలును, బడి పిల్లలును, గొర్రెల మందలును నడచు సడకమీద ఎవని కేల కలుగవలయును? కలిగెనేని వాని దోషము స్ప్రింగులతో పోదు.

ఇక నష్టము నెంచుదము. స్ప్రింగు అణగుటకు కొంత దూరము గలదు. ఆ దూరము ముగిసినచో దేహము రబ్బరు దిమ్మకు తగులును. గుంటలో పడినపుడు వీపునకు తగులు దెబ్బ అదియే. 6 సెంటీమీటర్లు అణగగల బండిని 3 సెంటీమీటర్లు దించినచో మిగిలినది సగము. అదే దెబ్బను సగము దూరములో ఓర్చుకొనవలెనన్న స్ప్రింగు రెట్టింపు గట్టిదైన చాలదు. స్ప్రింగులో నిలువయగు శక్తి అణగిన దూరముయొక్క వర్గము ననుసరించును గనుక నాలుగు రెట్లు గట్టిది కావలయును. అంతటి బిగువుగల స్ప్రింగును వీధిలో తిరుగు బండికి ఎవరు వేయరు. అందుచేత దించిన బండి దిమ్మకు తరచుగ తగులుచునే యుండును. పాత స్ప్రింగు కొరకు నిర్మింపబడిన షాక్ అబ్జార్బరు కొత్త స్ప్రింగు ఎగురుటను అదుపులో నుంచలేక త్వరగ అలసిపోవును. చక్రముల వాలు మారి, సరిచేయింపనిచో టైర్ల లోపలి అంచులు అరిగిపోవును. మరియొక వింత గలదు. నేటి కార్లలో చాలవాటి ముందు చక్రములకు మక్‌ఫర్సన్ పద్ధతి అమరిక యుండును. అట్టి బండిని దించినపుడు, దేహము ప్రక్కకు ఒరుగుటకు ఆధారమగు బిందువు గురుత్వకేంద్రము కంటెను ఎక్కువగ క్రిందికి జారును. కాబట్టి ఒరుగుటను తగ్గింపబూనిన పనియే ఒరుగుటకు బలమిచ్చును. కొత్త స్ప్రింగు బిగువు దానిని కప్పిపుచ్చును గాని పోగొట్టదు. పైన పటారము లోన లొటారము అనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

పెద్ద చక్రముల మాట ఇంకను చిత్రము. మన తాతల ఎడ్లబండి చక్రము పెద్దది. మన నల్లరేగడి చేలలో వర్షాకాలమున పడు గాళ్లలో చిన్న చక్రము దిగబడును, పెద్ద చక్రము దాటిపోవును. ఆ బండి ఇరుసు ఎత్తున నుండుటకును కారణమదే. వడ్రంగి ఏ గ్రంథమును చదువలేదు, దారిని చదివెను. నేటి కారునకు తొడుగు పెద్ద చక్రము అట్టిది కాదు. టైరు కొలత 205/55 ఆర్ 16 అనగా వెడల్పు 205 మిల్లీమీటర్లు, ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 55 పాళ్లు, రిమ్ము 16 అంగుళములు. లెక్కించినచో ప్రక్కగోడ ఇంచుమించు 113 మిల్లీమీటర్లు, మొత్తము చక్రము 632 మిల్లీమీటర్లు. దానికి బదులు 225/40 ఆర్ 18 తొడిగినచో ప్రక్కగోడ 90 మిల్లీమీటర్లు, మొత్తము చక్రము 637 మిల్లీమీటర్లు. చూచితిరా? చక్రము నిజముగ పెరిగినది 5 మిల్లీమీటర్లు మాత్రమే. పెరిగినది లోహము, తరిగినది రబ్బరు. గుంట అంచు తగిలినపుడు దెబ్బను మ్రింగునది ఆ రబ్బరును అందలి గాలియును. అది తరిగినకొలది దెబ్బ రిమ్మునకు తగిలి వంగును, టైరు ప్రక్కగోడ చిట్లును. వేగముగ పోవునపుడు టైరు పగిలినచో కలుగు అపాయము బండిలోనివారికి మాత్రమే పరిమితము కాదు.

ఇప్పుడు మన స్పీడు బ్రేకరుల వద్దకు వత్తము. భారత రోడ్డు కాంగ్రెసు వారు నిర్ణయించిన కొలత యొకటి గలదు. దాని ప్రకారము గుండ్రని స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పును, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తును కలిగియుండవలయును. దానిని గంటకు 25 కిలోమీటర్ల వేగముతో సుఖముగ దాటవచ్చును. ముందు వెనుక చక్రముల నడుమ 2.6 మీటర్ల దూరముగల కారు అట్టిదానిపై నిలిచినపుడు నడుమ భాగమున పొడుచుకొని వచ్చు ఎత్తు 5 సెంటీమీటర్లు మాత్రమే. కాబట్టి కొలత ప్రకారము కట్టినచో దించిన బండియు దాటగలదు. కాని మన పల్లెల ముందర కట్టినవి చాలవరకు అట్టివి కావు. మీటరు వెడల్పైన లేక, నిట్టనిలువుగ లేచినవి పెక్కు గలవు. ముందు చక్రములు దిగి, వెనుక చక్రములు ఎక్కకమునుపు, ఆ దిబ్బ ఎత్తంతయు బండి కడుపు క్రిందనే యుండును. దిబ్బ 15 సెంటీమీటర్లైన బండికి 15 సెంటీమీటర్ల ఖాళీ కావలయును. మన దేశమున అమ్ముడగు సామాన్యపు కార్లకు ప్రాయికముగ 16, 17 సెంటీమీటర్ల ఖాళీ యుండుట ఇందుచేతనే. స్పోర్ట్సు కారునకు మొదటనే 12, 13 మాత్రముండును. దాని నింకను దించినచో పది లోపునకు వచ్చును. అప్పుడు ఏటవాలుగ త్రిప్పుట తప్ప గతి లేదు. ఆదివారమునాడు నేను చూచిన దదియే.

దీనికి ప్రత్యుత్తరముగ, దోషము బండిది కాదు, సడకది యందురు. ఈ మాటలో సగము సత్యమున్నది. కొలత లేని దిబ్బలను కట్టినవారు తప్పు చేసినవారే. అవి గర్భిణీ స్త్రీలను, ఆస్పత్రికి పోవు రోగులను కూడ బాధించుచున్నవి. వానిని సరిచేయుమని అడుగుట మన హక్కు. అయితే ఆ దిబ్బలు ఎందుకు లేచినవి? పల్లె ముందర వేగముగ పోవు బండ్లకు జడిసి లేచినవి. ఎవరి వేగమునకు జడిసి పల్లెవారు దిబ్బ కట్టుకొనిరో, వారే ఆ దిబ్బను నిందించుట ఎంతటి విచిత్రము!

మన సడక స్వభావమును తెలిసినవారికి మరియొక సంగతి స్పష్టము. హైదరాబాదునుండి బీజాపూరు పోవు ఈ మార్గము మొయినాబాదు, చేవెళ్లల మీదుగ మన్నెగూడ చేరుచున్నది. అప్పా కూడలికిని మన్నెగూడకును నడుమ 46 కిలోమీటర్ల మేర తొమ్మిది వందలకు పైబడిన మర్రిచెట్లు ఈ బాటకు గొడుగు పట్టినవి. వానిని నరుకకుండ సడకను విస్తరింపవలెనని జాతీయ హరిత న్యాయస్థానము వరకు వ్యాజ్యము నడచినది. సడక విస్తరింపబడని చోట్ల ఎదుట లారీ వచ్చినపుడు, తారునుండి ఒక చక్రమును ప్రక్క మట్టిలోనికి దింపుట ఇచ్చటి వాడుక, ఇచ్చటి మర్యాద. తారు అంచు బెత్తెడు ఎత్తున నుండును. సామాన్యపు కారు దిగగలదు, ఎక్కగలదు. దించిన కారు దిగలేదు. దిగలేని బండి నడుమ దారిని వదలదు. అది వదలనపుడు దిగవలసినవారు ఎవరు? సైకిలువాడు, మోటారు సైకిలువాడు, బుట్ట నెత్తిన బెట్టుకొన్న స్త్రీ. కారు పోగొట్టుకొన్న ఆ రెండంగుళములను వారు తమ ప్రాణములతో పూరింపవలసి వచ్చుచున్నది.

ఈ మార్గమున అడుగు స్థలము విలువ ఎంతటిదో 2025 నవంబరు 3వ తేదీన మనమందరము కన్నీటితో తెలిసికొంటిమి. ఆ ఉదయమున చేవెళ్ల దగ్గరి మీర్జాగూడ వద్ద తాండూరునుండి వచ్చుచున్న ఆర్టీసీ బస్సును కంకర లారీ ఢీకొనగా, కంకర బస్సులోనికి ఒరిగి, ఇంచుమించు 20 మంది మృతినొందిరి. దించిన కార్లకును ఆ దుర్ఘటనకును ఎట్టి సంబంధమును లేదు. దానిని వాదమునకు వాడుకొనుట నా యుద్దేశము కాదు. కాని అట్టి బాటమీద తప్పుకొనగల శక్తిని వేడుకకై చేతులార తీసివేసికొనుట న్యాయమా యని మాత్రము అడుగుచున్నాను.

దించిన బండికి తగిన తావు లేకపోలేదు. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదు నగరమున హుస్సేనుసాగరము ఒడ్డున విద్యుత్తుతో నడచు ఫార్ములా ఈ కార్ల పందెము జరిగినది. ఆ కార్లు నేలను రాచుకొని పోయినవి. అయితే అందుకై ఆ బాటను సిద్ధపరచిరి, జనమును ఆపిరి, ఇరువైపుల గోడలు నిలిపిరి. బండి దిగుటకు ముందు బాట దాని యోగ్యతకు ఎక్కినది. బాటను ఎక్కింపక బండిని దించుటయే ఇచ్చటి దోషము.

దూరదేశపు కథ యొకటి కూడ ఈ సందర్భమున తలపదగినది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున మెక్సికను కుటుంబముల యువకులు 1950 ప్రాంతములనుండి తమ కార్లను దించుచుండిరి. రిమ్ము అడుగు అంచు కంటె బండి దేహము క్రిందికి రారాదని అక్కడ చట్టము చేసిరి. అంతట 1959లో రాన్ అగిర్రే అను యువకుడు నూనె ఒత్తిడితో పనిచేయు పంపులను అమర్చి, కావలసినపుడు బండిని ఎత్తుటకును దించుటకును వీలు కల్పించెను. పిమ్మట ఆ కట్టడి 2024 జనవరి 1వ తేదీతో రద్దయినది. మనము గమనింపవలసిన దేమనగా, వారు బండిని దించినది పరుగెత్తుటకు కాదు, మెల్లగ ఊరేగుటకు. తమ పేటలో, తమవారి నడుమ, పెండ్లి ఊరేగింపువలె నడుచుట వారి ఆచారము. వెడల్పైన చదును వీధులు వారివి. సడకకు తగిన వేడుక వారిది, సడకను తోసిపుచ్చు వేడుక మనది.

మన చట్టమేమి చెప్పుచున్నది? 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము బండిని ఇష్టము వచ్చినట్లు మార్చుటను నిషేధించుచున్నది. తయారుచేసినవారు నిర్ణయించిన ప్రమాణములకు విరుద్ధముగ మార్చరాదని 2019 జనవరిలో సుప్రీముకోర్టు స్పష్టపరచినది. అదే సంవత్సరపు సవరణచే, అనుమతిలేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుర్మానా గాని, ఆరు మాసముల వరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. స్ప్రింగు ఎత్తు రిజిస్ట్రేషను పత్రములో లేదు గదా యని వాదించు చతురులు లేకపోరు. వారితో నాకు తగవు లేదు. పోలీసువాడు చూడనపుడు కూడ నిలుచునదే ధర్మము. చట్టము కనిష్ఠపు హద్దు మాత్రమే.

మరి బండి మీది ప్రేమను చంపుకొనవలయునా? అక్కరలేదు. యంత్రమును ప్రేమించుట మంచిదే. ఆ ప్రేమనుండియే ఇంజనీర్లు పుట్టుదురు. తయారుచేసినవారు తమ పుస్తకములో అనుమతించిన కొలతలలోనే ఉత్తమమైన టైర్లు కొనుడు. మలుపులో ఆరు పాళ్ల లాభము కోరువానికి మంచి టైరు అంతకంటె ఎక్కువ ఇయ్యగలదు, తడిసిన సడకమీద ప్రాణములను కూడ కాపాడగలదు. అరిగిన షాక్ అబ్జార్బర్లను మార్పించుడు. గాలి ఒత్తిడిని వారమున కొకసారి చూచుకొనుడు. అన్నిటికంటె ముందు నడుపుట నేర్చుకొనుడు. నేర్పరి చేతిలో సామాన్యపు బండి శోభించును. నేర్పులేని చేతిలో దించిన బండి కూడ నేర్పు తెచ్చిపెట్టదు. వేగమునే కోరువారు పందెపు మైదానమునకు పోవచ్చును. అచ్చట ఎదుటినుండి కుటుంబముతో వచ్చు మోటారు సైకిలు ఉండదు.

విద్యార్థులారా, మీకొక పని చెప్పెదను. మీ ఊరి ముందర గల స్పీడు బ్రేకరును, బండ్లు లేని సమయమున పెద్దవారిని వెంటబెట్టుకొని, దారమును స్కేలును తీసికొనిపోయి కొలువుడు. ఎత్తెంత, వెడల్పెంత వ్రాసికొనుడు. 3.7 మీటర్లకును 10 సెంటీమీటర్లకును ఎంత భేదమున్నదో లెక్కించి, గ్రామ పంచాయతీ వారికి అర్జీ పెట్టుడు. లెక్కల తరగతిలో నేర్చిన వృత్తఖండము ఇంతకంటె ఉపయోగపడు తావు దొరకదు. అట్లు సడకను బాగుచేయింపగోరువాడే బండి మాట మాట్లాడుటకు అర్హుడు.

ఆ ఆదివారమునాడు మట్టిలోనికి దిగిన మోటారు సైకిలువాడు, కారు పోయిన తరువాత, బిడ్డ కాలికంటిన దుమ్ము దులిపి, మారుమాట లేక మరల సడక నెక్కి తన దారిని పోయెను. అతడు ఎవరిని దూషింపలేదు. తప్పుకొనుట తన వంతే యని చిన్ననాటినుండి నేర్చినవాడు కాబోలు. వారి యోర్పును మన హక్కుగ భావింపకుండుటయే విద్యకు ఫలము. తగ్గదలచినవాడు బండిని తగ్గింపనక్కర లేదు. వేగమును తగ్గించి, దారి యిచ్చి, మనసును తగ్గించినచో చాలును.